ఏడు లేని పుస్తకం

ఒక మనిషి నిజం చెబుతూనే నేరం ఒప్పుకోగలడా?

వదినగారిని పన్నెండేళ్లుగా వదలని సందేహం ఇది. దేవుడికి దణ్ణం పెట్టుకునేటప్పుడు కూడా కళ్లు మూసుకుంటే చాలు, ఆ మనిషి దించుకున్న తల కనిపించేది. అడగాల్సిన ప్రశ్న ఏదో అడక్కుండా వదిలేశామని ఆవిడకి తెలుసు. ఆ ప్రశ్న ఏమిటో మాత్రం తెలియలేదు.

అప్పటికి ఆవిడ డిటెక్టివ్ కాదు. కొండ మీద నుంచి రేవు దాకా ఇనుప తాడు పట్టుకుని దిగే కొండ ట్రాముకి కింది స్టేషన్లో గుమస్తా. పై స్టేషన్లో బ్రేకు పట్టే ఆయన బండి వదిలేముందు ఫోన్ చేసి, ఎంతమంది ఎక్కారో, ఏ నంబరు బండో చెప్పేవాడు. కింద ఈవిడ పుస్తకంలో రాసుకునేది. ఒకరోజు ఆవిడ ఆరుగురని రాసుకుంది. బండి దారిలో పెద్ద కుదుపు కుదిపింది. దెబ్బలు తగిలి దిగినవాళ్లు ఏడుగురు. టికెట్ లేని మనిషిని ఎక్కించి లెక్క దాచాడని బ్రేకాయన మీద విచారణ పెట్టారు.

"ఫోన్లో ఏడు అని చెప్పావా, లేదా? ఒక్క ముక్కలో చెప్పు" అని పై అధికారి గద్దించాడు.

"ఆ మాట నేననలేదండీ" అన్నాడాయన, తల దించుకుని.

అంతే. నేరం ఒప్పుకున్నాడని రాసేసుకున్నారు. ఆయన్ని ఫోన్ దగ్గర్నుంచి లేపి గొలుసులకీ చక్రాలకీ గ్రీజు పూసే పనిలో వేశారు. ఆ సాయంత్రం బయట వాన పడుతోంది. సాక్ష్యం చెప్పి తడుస్తూ మెట్లు దిగుతున్న ఆవిడ వెనకాలే వచ్చి ఆయన తన గొడుగు చేతిలో పెట్టాడు. "తడిస్తే జ్వరం వస్తుందమ్మా. మళ్లీ ఎప్పుడైనా ఇద్దురుగాని." ఎవరి మాట వల్ల తన కుర్చీ పోయిందో ఆ మనిషికే గొడుగిచ్చాడు. నెల తిరక్కుండా ఆవిడ ఆ ఉద్యోగం మానేసింది. గొడుగు తిరిగివ్వడానికి మొహం చెల్లలేదు.

ఈ సాయంత్రం కూడా వానే. ఆవిడ గొడుగుని భర్త పట్టుకుపోయాడు. తలుపు వెనక ఉన్నది ఆ పాత గొడుగొక్కటే. అది వేసుకునే ఆవిడ ఆరు గంటల పదినిమిషాలకి కొండ ట్రాము పై స్టేషన్లో అడుగుపెట్టింది.

*

"రా వదినా, రా. అన్నయ్యకి ఏదైనా వండి పెట్టొచ్చావా, పస్తేనా?"

ఇన్‌స్పెక్టర్ ఆవిడకి సొంత మరిది. ఆయన అలా పిలవడం వల్లే పోలీసు స్టేషన్లో జమేదారు దగ్గర్నుంచి దొంగల దాకా అందరికీ ఆవిడ వదినగారే అయిపోయింది.

"మీ అన్నయ్యకి చేతులున్నాయిలే. నీకే కళ్లు లేవని విని వచ్చాను."

"ఎవరు చెప్పారేం?"

"కింది వాటాలో ఉండే ఆవిడ. నువ్వు పట్టుకున్న గైడు పిల్ల ఆవిడ కూతురే."

గైడు పిల్ల బ్రేకు గది మూల స్టూలు మీద కూర్చుని ఉంది. మెడలో ఈల, చేతిలో మడిచిన చిన్న జెండా. వదినగార్ని చూడగానే లేచి నిలబడింది.

"పిన్నిగారూ, నేను లెక్కపెట్టానండీ! తల తల మీదా వేలు ఆడించి మరీ లెక్కపెట్టాను. ఏడుగురూ బండిలో ఉన్నారు."

"కూర్చో తల్లీ. మొదట్నుంచీ చెప్పు. ఏ టైముకి ఏం జరిగిందో అంతే చెప్పు, మిగతాది నేను చూసుకుంటాను."

పిల్ల చెప్పింది. ఊరు చూపించే బస్సులో ఇవాళ ఏడుగురు వచ్చారు. ఒక ముసలి జంట, ఒక కొత్త జంట, కెమెరా ఆయన ఒకరు, ఎర్రశాలువా కప్పుకున్న పెద్దావిడ, ఆవిడతో వచ్చిన కోటు అబ్బాయి. మూడూ యాభైకి కొండెక్కారు. కొండ అంచున కటకటాల దగ్గర నిలబడి రేవు చూశారు. నాలుగూ నలభైకి ట్రామెక్కి, నాలుగు నిమిషాల్లో కిందకి దిగారు. కింద బస్సు కోసం పది నిమిషాలు ఆగారు. నాలుగూ యాభై అయిదుకి బస్సు ఎక్కేటప్పుడు లెక్కపెడితే ఆరుగురే. పెద్దావిడ లేదు.

"వెంటనే ఆ కోటబ్బాయి నా మీద అరిచాడండీ. 'మా అత్తయ్య పైనే ఉండిపోయింది, చూసుకోకుండా బండి వదిలేయించావు' అని. లేదండీ, ఆవిడ బండిలో ఉంది. నేను చూశాను."

"చూశాను, చూశాను" అని వెక్కిరించాడు ఇన్‌స్పెక్టర్. "మిగతావాళ్లు ఏం చూశారో విను వదినా." జేబులోంచి నోటు పుస్తకం తీశాడు. "ముసలాయన బండిలో ఎర్రశాలువా చూశానన్నాడు. ఆయన భార్య, 'అది సీటు మీద గుడ్డ, ఈయనకి చూపు ఆనదు' అంది. కొత్త దంపతుల్ని అడిగితే, 'మేం కాక ఇంకెవరైనా ఉన్నారా బండిలో?' అని నన్నే అడిగారు. కెమెరా ఆయన నూటపద్నాలుగు ఫొటోలు తీశాడు. అన్నీ నీళ్లూ ఓడలే. ఒక్క మనిషి మొహం లేదు."

వదినగారు నిట్టూర్చింది. ఊరు చూడ్డానికి వచ్చినవాళ్లు పక్కనున్న మనిషిని చూడరు కాబోలు.

"ఇక అసలు సాక్ష్యం ఇదిగో." ఇన్‌స్పెక్టర్ అట్ట చిరిగిన పొడుగాటి పుస్తకం బల్ల మీద పడేశాడు. "కింది స్టేషన్ పుస్తకం. నాలుగూ నలభై, ఒకటో నంబరు బండి, ఆరుగురు. గైడుకి టికెట్ లేదు కాబట్టి లెక్కలోకి రాదు. అంటే ఏడో మనిషి బండెక్కలేదు. పైనే ఉంది. దారి తప్పిందేమోనని పైనంతా వెతికించాను. కానీ అయిదూ ముప్పై అయిదుకి మాకు శాలువా దొరికింది."

"ఎక్కడ?"

"కటకటాల మీద. అవతల నూటయాభై అడుగుల లోయ."

గైడు పిల్ల మొహం పాలిపోయింది.

*

చినుకుల్లో ఇద్దరూ కటకటాల దాకా నడిచారు. లోయలో ఇన్‌స్పెక్టర్ మనుషులు టార్చిలైట్లు పట్టుకుని పొదలు వెతుకుతున్నారు. "అమ్మగారూ!" అన్న పిలుపులు రాళ్లకి తగిలి తిరిగొస్తున్నాయి.

శాలువా ఇంకా ఊచకి చిక్కుకునే ఉంది. వదినగారు కళ్లజోడు సర్దుకుని అంచు పట్టుకుంది. కుచ్చుల దగ్గర పసుప్పచ్చగా ఏదో అంటుకుంది. వేలితో రాసి వాసన చూసింది.

"గ్రీజు."

"ట్రాము స్టేషన్ కదా వదినా. గ్రీజు ఉండక నెయ్యి ఉంటుందా?"

ఆవిడ శాలువా విప్పి మడిచి చంకలో పెట్టుకుంది. బుర్రంతా కలగాపులగంగా ఉంది. పిల్ల లెక్క ఏడు. పుస్తకం లెక్క ఆరు. పిల్ల అబద్ధమాడదు, పుట్టినప్పట్నుంచీ ఎరుగుదును. పుస్తకం అబద్ధమాడుతుందా? ఒకప్పుడు తనే రాసిన పుస్తకం అది. దేవుడా, ఎక్కడో విన్న పాటలా ఉందేమిటిది?

వెనక్కి వస్తుంటే వరండాలో బల్ల మీద కోటు అబ్బాయి కనిపించాడు. మెడ దాకా గుండీలు పెట్టుకుని, రుమాలు కళ్లకి అద్దుకుంటున్నాడు. పక్కన ఒక కానిస్టేబుల్.

"మా అత్తయ్య గుండెజబ్బు మనిషండీ. చలికి తట్టుకోలేదు. కొండంతా వెతికించండి, మీకు పుణ్యం ఉంటుంది."

"వెతుకుతున్నారు బాబూ. అత్తయ్య అంటే మీ నాన్నగారికి..."

"ఆయన్ని విసిగించకు వదినా" అని ఇన్‌స్పెక్టర్ చెయ్యి అడ్డం పెట్టాడు. "ఫిర్యాదులో అన్నీ రాసిచ్చాడు. వాళ్లమ్మకి సొంత చెల్లెలు. చాలా?"

వదినగారి కాలు ఒక్క క్షణం ఆగింది. మళ్లీ నడిచింది.

గదిలోకి రాగానే తలుపు దగ్గరగా వేసి అడిగింది. "మీ అమ్మగారి చెల్లెల్ని నువ్వేమని పిలుస్తావయ్యా?"

"పిన్ని అని. ఇప్పుడెందుకు?"

"అత్తయ్యా అని ఎప్పుడైనా పిలిచావా?"

"పిలిస్తే మా అమ్మ చీపురు తీసుకుంటుంది." నవ్వబోయి ఆగిపోయాడు. ఒక నిమిషం పెదవి కొరుక్కున్నాడు. తరవాత చెయ్యి విసిరాడు. "కంగారులో మాట తడబడి ఉంటాడు."

"కంగారులో మనిషి కాలు తడబడుతుంది. కన్నతల్లి చెల్లెలు నాన్న చెల్లెలైపోదు."

*

బ్రేకు దగ్గర కూర్చున్న మనిషి అప్పటిదాకా అటు తిరిగే ఉన్నాడు. ఆరున్నర బండిని వదిలి, పిడి బిగించి, ఇటు తిరిగాడు. జుట్టు తెల్లబడింది. గోళ్లలో నల్లటి గ్రీజు.

వదినగారు రెండడుగులు ముందుకి వేసింది. ఆయనే.

ఆయన కళ్లు మొదట ఆవిడ చేతిలో గొడుగు మీద పడ్డాయి. తరవాత ఆవిడ మొహం మీద. "బాగున్నారామ్మా?" అన్నాడు, నిన్ననే కలిసినట్టు.

"మీరు... మళ్లీ ఫోన్ దగ్గరికి ఎప్పుడొచ్చారు?"

"తొమ్మిది రోజులైందమ్మా. ఇక్కడి మనిషి కాలు విరిగి సెలవు పెట్టాడు. వేరే ఎవరూ దొరక్క నన్ను కూర్చోబెట్టారు."

"ఈయన్ని గంటసేపు అడిగాను వదినా" అన్నాడు ఇన్‌స్పెక్టర్ విసుగ్గా. "నువ్వే చూడు. తాతా, నాలుగూ నలభైకి బండిలో ఎంతమంది ఎక్కారు?"

"గైడు పిల్ల చెప్పినంతమందేనండి."

"ఆరుగురా?"

"కాదండి."

"అయితే ఏడుగురా?"

"అదేనండి."

"మరి కిందకి ఫోన్లో ఏడు అని చెప్పావా, లేదా?"

ముసలాయన తల దించుకున్నాడు. "ఆ మాట నేననలేదండీ."

వదినగారి చేతిలోంచి శాలువా జారిపోయింది.

అదే మాట. అదే గొంతు. పన్నెండేళ్ల కిందట విన్నది విన్నట్టే.

"చూశావా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఒక్కసారి ఏడుగురంటాడు, మరుక్షణం అనలేదంటాడు. ఈ ముసలాయనా ఆ పిల్లా కలిసి ఏదో దాస్తున్నారు. ఇద్దర్నీ తీసుకుపోతున్నాను."

"ఆగు." ఆవిడ బల్ల దగ్గరికి జరిగి పుస్తకం తెరిచింది. వేలితో గీతలు పట్టుకుంటూ ఒక పేజీ, రెండు పేజీలు, మూడు. పైకి ఎక్కినవాళ్ల వరసలో అన్ని అంకెలూ ఉన్నాయి. అది కింది గుమస్తా తనే లెక్కపెట్టుకుని రాసేది. కిందకి దిగినవాళ్ల వరసలో నాలుగు, తొమ్మిది, ఆరు, ఎనిమిది, ఆరు, పదకొండు, ఆరు...

"తొమ్మిది రోజులు" అంది మెల్లగా. "తొమ్మిది రోజుల్లో ఎన్నోసార్లు బండి దిగింది. ఒక్కసారైనా ఏడుగురు దిగలేదు. చూడు. ఈ వరసలో ఏడు అన్న అంకే లేదు."

"లేకపోతే?"

"పదో రోజు వెనక్కి తిప్పితే మళ్లీ ఉంది. ఈయన ఫోన్ దగ్గర కూర్చున్న రోజు నుంచే పోయింది."

ఆవిడ ఫోన్ ఎత్తి పిడి తిప్పింది. కింది స్టేషన్ గుమస్తా పలికింది, కొత్తగా చేరిన పిల్ల.

"అమ్మాయీ, నాలుగూ నలభై బండికి పైనుంచి ఏమని చెప్పారు? నీకు అర్థమైంది వద్దు. చెవిన పడింది పడినట్టు చెప్పు."

"ఆరు, నెంబరొకటి, ఒకటి అన్నారండీ. ఫోన్లో గరగర కదా, బండి నంబరు రెండుసార్లు నొక్కి చెప్పారనుకున్నాను. అయినా ఆయన అప్పుడప్పుడూ అట్లాగే చెబుతారండీ. ఒక్కోసారి ఆరు, నెంబరొకటి, రెండు అంటారు. మళ్లీ సర్దుకున్నారులే అని రెండో బండి అని రాసుకుంటాను."

వదినగారు ఫోన్ పెట్టేసింది. కిటికీ గూట్లో పాత బోల్టుల డబ్బా ఉంది. గుప్పెడు తీసి ముసలాయన ముందు బల్ల మీద పోసింది. "తాతగారూ, ఇవి పైకి లెక్కపెట్టండి."

"వదినా, ఇదేం ఆట?"

"నువ్వు నోరు మూసుకో."

ముసలాయన ఒక్కొక్క బోల్టూ పక్కకి జరుపుతూ లెక్కపెట్టాడు. "ఒకటి. రెండు. మూడు. నాలుగు. అయిదు. ఆరు. ఆరున్నొకటి. ఎనిమిది. తొమ్మిది."

ఆవిడ ఏడో బోల్టు మీద వేలు పెట్టింది.

"ఆరున్నొకటి" అంది వదినగారు. "ఆరు, నెంబరొకటి కాదు. ఆరున్నొకటి. ఆరు మీద ఇంకొకటి. తాతగారూ, ఆ అంకెని మామూలుగా ఎందుకనరు?"

ఆయన బోల్టుల వైపు చూస్తూ మెల్లగా చెప్పాడు. "మా అమ్మ గింజలు కొలిచేటప్పుడు ఆ అంకె నోట రానిచ్చేది కాదమ్మా. మంచి పని మొదలెట్టేటప్పుడు ఆ మాటేమిట్రా అనేది. బండినిండా జనాన్ని పెట్టుకుని, తాడు వదిలేముందు, వాళ్లని ఆ పని చెయ్యమని ఎట్లా అంటాను?"

"ఏ పని?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"కళ్లు తుడుచుకునే పని బాబూ."

ఇన్‌స్పెక్టర్ "ఏడు" అని తనలో తను అనుకుని చూశాడు.

"ఆ రోజు విచారణలో ఎందుకు చెప్పలేదు?" అంది వదినగారు.

"నేనేం అన్నానని ఎవరూ అడగలేదమ్మా. ఆ మాట అన్నావా, లేదా అనే అడిగారు. అనలేదుగా. అబద్ధం ఎట్లా చెప్పను?"

ఆవిడ కళ్లజోడు తీసి చీర కొంగుతో తుడిచింది. కావలసిన దానికన్నా చాలాసేపు తుడిచింది. అడగాల్సిన ప్రశ్న అంత చిన్నది. ఏమన్నావు? అంతే. పన్నెండేళ్లు గ్రీజు డబ్బా మోయించింది ఆ ఒక్క ప్రశ్న అడగనితనం.

కానీ గడియారం ఆరూ ముప్పై ఆరు చూపిస్తోంది. ఆవిడ కిందపడ్డ శాలువా తీసి కుచ్చులు ఆయనకి చూపించింది. "ఈ గ్రీజు ఎక్కడిది?"

ఆయన చూడను కూడా చూడలేదు. వేలితో తాకి చెప్పేశాడు. "కింది స్టేషన్ గేటు గొలుసుది. పైన అంతా నల్లది వాడతాం. కింద ఉప్పుగాలి కదా, తుప్పు పట్టకుండా పసుప్పచ్చది పూస్తాం. నిన్న డ్యూటీ దిగాక నేనే పూశాను."

"గ్రీజుకి అడ్రసు కూడా ఉంటుందా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. కానీ గొంతులో వెక్కిరింత సగానికి సగం తగ్గింది.

"పన్నెండేళ్లు పూసిన మనిషికి ఉంటుంది. ఇప్పుడు నువ్వే చెప్పు. పెద్దావిడ బండిలో కిందకి దిగింది. శాలువా కింది గేటుకి రాసుకుంది. ఆ తరవాత ఆవిడ మాయమైంది, శాలువా మాత్రం మళ్లీ కొండెక్కింది. గైడు పిల్ల కాక, కింద నుంచి నీతో పాటు పైకి వచ్చిందెవరు?"

"కోటబ్బాయి" అన్నాడు ఇన్‌స్పెక్టర్. వెంటనే తల అడ్డంగా ఊపాడు. "కాదు, కాదు. ఇదంతా ముసలాయన లెక్కా, మరకా. దీన్ని పట్టుకుని ఫిర్యాదు ఇచ్చినవాణ్ణే బంధిస్తే రేపు పైవాళ్లు నా తోలు తీస్తారు."

"బంధించమని ఎవరన్నారు? వదిలెయ్యి. కానిస్టేబుల్‌ని పక్కకి పిలువు. నువ్వూ నేనూ ఆరూ నలభై బండిలో కిందకి పోదాం. పిన్ని కొండ మీద ఉందని నిజంగా ఏడ్చేవాడు కొండ దిగడు. దిగాడంటే ఆవిడ ఎక్కడుందో వాడికి తెలుసు."

"దిగకపోతే?"

"నీ ఇష్టం. పిల్లని తీసుకుపో. నేను అడ్డం రాను."

గైడు పిల్ల "పిన్నిగారూ" అంది సన్నగా. వదినగారు దాని తల మీద చెయ్యి వేసింది, కానీ ఆ చెయ్యి కూడా చల్లగానే ఉంది. తప్పితే ఆ పిల్ల గతేమిటి? ఈ కొండ మీద తన మాట వల్ల ఇప్పటికే ఒక మనిషి బతుకు పాడైంది.

ముసలాయన దగ్గరికి వంగి అంది. "తాతగారూ, ఆ అబ్బాయి తరవాతి బండి ఎక్కితే నాకు తెలియాలి. కానీ మీరు ఫోన్ చేసేటప్పుడు వాడు పక్కనే ఉంటాడు."

"ఏమని చెప్పమంటారు?"

"ఎంతమంది ఎక్కినా సరే, ఏడు అనండి."

ముసలాయన బ్రేకు పిడి గట్టిగా పట్టుకున్నాడు. "నా నోటితోనా అమ్మా?"

"మీ నోటితో రాదని మాకే తెలియలేదు. వాడికి అసలే తెలియదు."

ఆయన ఫోన్ వైపు చూశాడు. బండి కదలాల్సిన గంట మోగింది.

*

ఆరూ నలభై నాలుగుకి కింద దిగారు. స్టేషన్ గేటు దాటి యాభై అడుగులు వేస్తే లాంచీల రేవు. అవతలి ఒడ్డుకి సాయంత్రం ఒకటే లాంచీ, ఏడింటికి. జనం వరస కట్టి ఉన్నారు. ఎర్రశాలువా ఎక్కడా లేదు. శాలువా ఇక్కడే చంకలో ఉంది కదా అని వదినగారు తన్ను తాను తిట్టుకుంది. శాలువా లేకపోతే ఆ పెద్దావిడని గుర్తుపట్టేదెలా? ఫొటో లేదు. ఎరిగిన గైడు పిల్ల పైనే ఉండిపోయింది. ఊరు చూడ్డానికి వచ్చిన మిగతా అయిదుగురికీ ఆవిడ మొహం గుర్తులేదు.

"పది నిమిషాలే చూస్తాను" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఆవిడ గుమస్తా పిల్ల పక్కన ఫోన్ దగ్గర నిలబడింది. ఆరూ నలభై ఎనిమిది. తొమ్మిది. ముసలాయన ఆ మాట అనలేకపోతే? అలవాటు కొద్దీ ఇద్దరో, ముగ్గురో అనేస్తే? తను నిజంగా ఏం అడిగింది ఆయన్ని? నోటితో ఆ మాట అనకుండా బతకడం కోసం పన్నెండేళ్లు శిక్ష మోసిన మనిషిని.

ఫోన్ మోగింది. గుమస్తా పిల్ల ఎత్తింది. వింది. కనుబొమలు ముడిచింది.

"ఏడు, రెండో బండి అంటున్నారండీ. గొంతేమిటో అదోలా ఉంది."

వదినగారు కళ్లు మూసుకుని తెరిచింది. "రాసుకో తల్లీ."

నాలుగు నిమిషాల తరవాత బండి వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది. దిగింది ముగ్గురే. "ఇదేమిటి, ఏడుగురన్నారుగా!" అని గుమస్తా పిల్ల పెన్ను పట్టుకుని బిక్కమొహం వేసింది. ఆ ముగ్గురిలో చివరివాడు కోటు అబ్బాయి. కళ్లకి రుమాలు లేదు. గేటు దాటి, బస్సుల వైపు తిరిగైనా చూడకుండా, గబగబా లాంచీ వరస దగ్గరికి నడిచాడు.

వరస మొదట్లో చక్రాల కుర్చీ ఒకటి ఉంది. అందులో నీలం వానకోటు కప్పి, తల వాలేసి ఎవరో. వెనక తెల్లచీర కట్టుకున్న నర్సు. కోటు అబ్బాయి నర్సు చెవిలో ఏదో చెప్పి కుర్చీ పిడి మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి మీద ఇన్‌స్పెక్టర్ చెయ్యి పడింది.

"మీ అత్తయ్యగారా బాబూ, పిన్నిగారా?"

నర్సు పరిగెత్తబోయింది. గేటు దగ్గర ఇన్‌స్పెక్టర్ నిలబెట్టిన కానిస్టేబుళ్లు పట్టుకున్నారు. కోటు అబ్బాయి రెండంటే రెండే గుటకలు మింగి కూలబడ్డాడు. ఈసారి కన్నీళ్లు నిజమైనవే.

వదినగారు కుర్చీ ముందు కూర్చుని వానకోటు తప్పించింది. పెద్దావిడకి మత్తుగా ఉంది, కానీ ఊపిరి బాగానే ఆడుతోంది. చన్నీళ్లతో మొహం తుడిస్తే కళ్లు తెరిచింది.

"అమ్మా, ఈ అబ్బాయి మీ అక్కగారి కొడుకేనా?"

"అక్కా?" పెద్దావిడ నాలుక తడబడుతోంది. "నాకు తోడబుట్టినవాళ్లే లేరమ్మా. అతను పోలీసు కదా?"

ఇన్‌స్పెక్టర్ అటు తిరిగాడు.

"రేపు పొద్దున కోర్టులో నేను సాక్ష్యం చెప్పాలి. ఆ మునిగిపోయిన లాంచీ కేసు. అందులో ఎంతమంది ఎక్కారో లెక్క రాసింది నేనే. నాకు ప్రమాదం ఉందని, మామూలు బట్టల్లో ఒక పోలీసుని పంపుతున్నామని, అత్తయ్యా అని పిలుస్తాడని, ఊరు చూసేవాళ్లలో కలిసి తిరగమని కాగితం వచ్చింది. నా సంచీలో ఉంది చూడండి. కింద దిగాక అతనిచ్చిన నీళ్లు తాగడమే గుర్తు."

కాగితం సంచీ అడుగున ఉంది. వదినగారు దీపం కిందకి పట్టుకుని చదివి మరిదికి అందించింది.

ఆయన ముద్రని దీపానికి ఇంకా దగ్గరగా పట్టి చూశాడు.

"వదినా" అన్నాడు చాలా మెల్లగా. "ఈ ముద్ర మా స్టేషన్‌ది. నా బల్ల సొరుగులో ఉంటుంది. తాళంచెవులు రెండు. ఒకటి నా దగ్గర."

"రెండోది?"

ఆయన తల ఎత్తాడు. చుట్టూ ఉన్న తన మనుషుల్ని ఒక్కొక్కరినే చూడడం మొదలెట్టాడు, వాళ్లని మొదటిసారి చూస్తున్నట్టు.

"అయితే ఈవిడ ఈ రాత్రి నీ స్టేషన్లో ఉండకూడదు" అంది వదినగారు. "మా ఇంటికి తీసుకుపోతాను. గైడు పిల్ల సాయం ఉంటుంది. ఎవరితోనూ అనకు. మీ అన్నయ్యకి నేను చెప్పుకుంటాను."

ఆయన తల ఊపాడు. కాగితం మడిచి తన లోపలి జేబులో పెట్టుకున్నాడు.

*

ఏడున్నరకి చివరి బండి దిగింది. అందులోంచి గైడు పిల్ల, కాసేపటికి మెట్లదారిన ముసలాయన వచ్చారు. వాన ఇంకా పడుతోంది. పెద్దావిడని గుమస్తా గదిలో కూర్చోబెట్టి, వదినగారు గేటు దగ్గరే నిలబడి ఉంది.

"దొరికిందా అమ్మా?"

"దొరికింది. మీరన్న ఆ ఒక్క మాటతో."

"నోరు కడుక్కున్నాను" అన్నాడాయన సిగ్గుపడుతూ.

ఆవిడ గొడుగు ముడిచి, నీళ్లు విదిలించి, రెండు చేతులతో ఆయనకి అందించింది. ఏదో పెద్ద మాట చెప్పాలని దారి పొడుగునా అనుకుంది. తీరా నోరు తెరిస్తే వచ్చింది ఇదే. "ఒక ఊచ విరిగితే వేయించాను. పన్నెండేళ్లు ఆలస్యమైంది."

"మీరు తడుస్తారమ్మా."

"ఈసారి తడవనివ్వండి."

ఆయన గొడుగు తెరిచాడు. పాత గుడ్డ కింద ఊచల్ని గ్రీజు గోళ్ల వేలితో ఒక్కొక్కటే తాకాడు. "ఒకటి. రెండు. మూడు. నాలుగు. అయిదు. ఆరు. ఆరున్నొకటి. ఎనిమిది." తల ఊపాడు. "సరిపోయిందమ్మా" అన్నాడు.